పదకొండు నిమిషాలు ఆగిన గాలి

దిగిన తర్వాత 31వ రోజు

ఇది ప్రథమ చికిత్స గది రిజిస్టరు. ముందు పేజీల్లో ఎవరికి ఏ గాయమైందీ, ఎన్ని కుట్లు పడ్డాయీ రాస్తాం. వెనక పేజీల్లో నా మాటలు రాసుకుంటున్నాను. మా ఛాతీ మీది అద్దం చూసిందీ విన్నదీ అన్ని గనుల అద్దాల్లో కనిపిస్తుంది. దానికి చెప్పుకుంటే నాలుగు వందల గనుల జనం వింటారు. ఈ కాగితాన్ని మార్తమ్మ తప్ప ఎవరూ ముట్టుకోరు. ఆమె మా పెద్ద నర్సు. అరవై దాటాయి. మా గనిలో పనిచేసేవాళ్లలో అద్దం పెట్టుకోని ఒకే ఒక్క మనిషి.

పైన ఎండ యాభై రెండు డిగ్రీలట. బొగ్గు అయిపోయిన ఈ పాత గనిలోకి ఊరు ఊరంతా ఏటా తొంభై రోజులు దిగుతుంది. నాలుగు వేల మందిమి. ఫ్యాన్ల వాళ్లు గాలి పంపుతారు, పంపుల వాళ్లు ఊటనీళ్లు తోడతారు, మేం రోగుల్ని చూసుకుంటాం.

ఈ రోజు మొదటి షిఫ్టులో ఏడో గ్యాలరీ ఫ్యాన్ ఆగిపోయింది. పదకొండు నిమిషాలు. నేను సంచీ తీసుకుని పరుగెత్తేసరికి జనం గోడలకు ఆనుకుని నోళ్లు తెరిచి ఎగశ్వాస తీస్తున్నారు. నర్సమ్మ అనే ముసలామె గుండె ఆగింది. రెండు చేతులతో ఛాతీ నొక్కాను. మూడో నొక్కుకే పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించింది. విరిగినా ఆపకూడదు. ఆమె మనవడు ప్రణీత్, పిల్లల బడిలో పంతులు, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని "నానమ్మా, నానమ్మా" అంటున్నాడు. ఇరవై నిమిషాలు నొక్కాను. ఆమె నోట్లోంచి వచ్చిన నురగా రక్తమూ నా మోచేతుల దాకా అంటుకున్నాయి. ఆమె పోయింది. ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కూడా పోయారు.

అప్పుడు నేను అద్దాన్ని ఛాతీ మీంచి తీసి ముఖానికి ఎదురుగా పట్టుకుని అరిచాను.

"ఫ్యానోళ్లు నిద్రపోతుండ్రా? ముగ్గుర్ని సంపిన్రు! నిద్ర లేస్తరా, లేవరా?"

కోపం నిజమే. అద్దాన్ని పట్టుకునే ముందు చేతుల మీది రక్తం తుడుచుకోకపోవడం మాత్రం మరిచిపోయి కాదు.

షిఫ్టు ముగిసేసరికి అద్దంలో చూసినవాళ్లు పలికిన వత్తాసులు లక్షా ఎనభై వేలు. నాలుగేళ్ల నా పనికి అన్నీ కలిపి వచ్చినవి తొమ్మిది వేలు.

32వ రోజు

మా వయసు వాళ్ల పేర్లు ఎవరికీ అంతగా తెలియవు. రంగు తెలుస్తుంది. నర్సులకు తెలుపు, పంపుల వాళ్లకు ఆకుపచ్చ, పంతుళ్లకు పసుపు, ఫ్యాన్ల వాళ్లకు నీలం. అద్దం అంచున ఆ గుర్తు వెలుగుతూనే ఉంటుంది. పరీక్ష పాసైతే చాలదు. అద్దం ముందు పని చేయాలి, చూసినవాళ్లు వత్తాసు పలకాలి, అప్పుడే శ్రేణి పెరుగుతుంది. గాయం చక్కగా కుడితే ఎవరూ చూడరు. నర్సు ఏడిస్తే చూస్తారు. నేను నాలుగేళ్లుగా మూడో శ్రేణిలోనే ఉన్నాను.

పొద్దున మమత వచ్చి కావలించుకుంది. పంపుల దగ్గర పనిచేస్తుంది, చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు.

"ఏందే సుజనా, రెండు లచ్చలు దాటింది! నీ ముచ్చటే అందరి నోట్ల. ఇగ మొదటి శ్రేణి నీదే."

"ముసలామె సచ్చిపోయింది మమతా."

"నువ్వేం జేస్తవ్? సంపినోళ్లు వేరే ఉన్నరు గద."

మధ్యాహ్నం రవళి అనే పందొమ్మిదేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. భోజనాల గది దగ్గర ఎవరో ఆమె కుడిచేతిని ఇనుప తలుపు సందులో పెట్టించి, ముగ్గురు కలిసి తలుపు మూశారట. మూడు వేళ్లు నలిగి, గోళ్లు ఊడి, ఎముకలు బయటికి వచ్చాయి. చెక్కపేళ్లు పెట్టి కట్టాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా అరవలేదు, నా ముఖం చూడలేదు.

రిజిస్టరులో రాయడానికి పేరు అడిగాను.

"పేరెందుకు?" అంది. "నీలం అని రాస్కో."

33వ రోజు

రెండో షిఫ్టు మొదలయ్యే వేళ తిరుమలేశ్ వచ్చాడు. ఏడో గ్యాలరీ ఫ్యాన్ అతని బాధ్యతే. ఇరవై నాలుగేళ్లుంటాయి. రెండు చేతులనూ చొక్కాలో చుట్టుకుని ఉన్నాడు. గుడ్డ విప్పితే చర్మం దానితో పాటే వచ్చింది. అరచేతుల నుంచి మణికట్ల దాకా కాలి, రెండు రోజులుగా చీము పట్టి ఉన్నాయి.

"మొన్ననే ఎందుకు రాలేదు?"

"ఎట్లొస్త అక్కా? బయటికొస్తె కొడ్తుండ్రు."

రోగి తన సంగతి చెప్పుకునేటప్పుడు అద్దానికి మూత వేయాలి, అది నియమం. వేశాను. చేతులు కడుగుతుంటే పళ్లు బిగించి చెప్పాడు.

"ఫ్యాన్ దానంతట అది ఆగలే. నేనే ఆపిన. గాలొచ్చే తొవ్వల సామాన్ల బెల్టు అంటుకున్నది. ఫ్యాన్ తిరిగితె గా పొగంత ఏడో గ్యాలరీలకు గుంజుకుంటది. మూడు నూర్ల మంది ఉన్నరు అండ్ల. ఆపి ఉరికిన. మంటలార్పే సిలిండరు అయిపోయింది. బెల్టు చేతుల్తోనే గుంజి అవతల పారేసిన. నా అద్దం కూడ అండ్లనే కాలిపాయె. ఆర్పి, మల్ల ఫ్యాన్ ఏసేసరికి పదకొండు నిమిషాలు."

చేతుల్ని దీపం కిందికి తిప్పి చూశాను. ఇవి కాలే రబ్బరును పట్టుకున్న చేతులు. నలుపు చర్మంలోకి దిగి ఉంది. నాకు తెలియనిది కాదు.

"మీవాళ్లు ఈ సంగతి చెప్పలేదా?"

"జెప్పిన్రు. నీలం గుర్తోడు మాట్లాడితే అద్దం కిందికి నూకుతది అక్కా, ఎవలకు కనబడది. గని నడిపే కమిటీ ఏమో పైకి పొయినంక విచారణ జేస్తమంటుంది. నువ్వు జెప్తె ఇంటరు. మూడు లచ్చల మంది నిన్ను జూస్తుండ్రు. నా చేతులు సూపెట్టి ఒక్క మాట జెప్పు."

"చెప్త. రేపు పొద్దున చెప్త."

"మా అవ్వ భయపడ్తుంది, గందుకే అడిగిన," అని లేచాడు. వేళ్లన్నీ కలిపి బొద్దుగా కట్లు కట్టాను. చేతులు రెండు తెల్లటి మూటల్లా ఉన్నాయి. తలుపు గడియ తీయలేకపోతే నేనే తీశాను.

34వ రోజు

చెప్పలేదు.

పొద్దున లేవగానే కమిటీ నుంచి మొదటి శ్రేణి వచ్చింది. నా గుర్తు చుట్టూ వెండిరంగు గీత వెలిగింది. వరసగా రోగులు వచ్చారు, చాలామందికి ఏ జబ్బూ లేదు, నన్ను చూడ్డానికి వచ్చారు. ఒక తల్లి తన కూతుర్ని నా ముందు నిలబెట్టి "ఈ అక్క లెక్క గావాలె బిడ్డా" అంది. రెండుసార్లు అద్దాన్ని చేతిలోకి తీసుకున్నాను. రెండుసార్లూ మళ్లీ ఛాతీకి తగిలించుకున్నాను. రేపైనా చెప్పొచ్చు, ఒక్క రోజులో ఏం మారుతుందని సర్దుకున్నాను.

మార్తమ్మకు మాత్రం చెప్పాను. ఆమె దూది ఉండలు చుడుతూ విన్నది.

"ఇయ్యాలనే జెప్పు," అంది.

"రేపు చెప్తనమ్మా."

"నీ ఇష్టం బిడ్డా. ఎదురుజూసేది నువ్వు గాదు గద."

35వ రోజు

తిరుమలేశ్‌ను చంపేశారు.

నీళ్ల లైను దగ్గర అరుపులు వినిపించి వెళ్లాను. నలభై మంది దాకా ఉన్నారు. చేతుల్లో పైకప్పు కూలకుండా దిగగొట్టే ఇనుప రాడ్లు. ముందు ప్రణీత్. మొన్నటి దాకా ఎక్కాలు చెప్పుకునే మనిషి. నానమ్మ పోయిన రోజు నుంచి "న్యాయం కావాలి" అని అద్దంలో మాట్లాడుతున్నాడు. అతనికీ ఇప్పుడు రెండు లక్షల మంది. అందరి ఛాతీల మీదా అద్దాలు తెరిచి ఉన్నాయి, తెలుపు, పసుపు, ఆకుపచ్చ.

తిరుమలేశ్ బిందెడు నీళ్ల కోసం వచ్చాడు. మోచేతుల మధ్య బిందె ఇరికించుకుని నిలబడ్డాడట. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. కింద పడి, ఆ మూటల చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాడు. నేను గుంపును తోసుకుంటూ వెళుతున్నాను. ప్రతి దెబ్బకూ ఒకటే అరుపు.

"నిద్రపోతున్నవా? నిద్ర లేస్తవా, లేవవా?"

నా మాటలే. నా గొంతు ఎక్కడ పైకి లేచిందో వాళ్ల గొంతులూ అక్కడే లేచాయి.

కట్లు ఎర్రబడ్డాయి. తర్వాత చేతులు పక్కకు పడిపోయాయి. ముఖం మీద కొట్టారు. దవడ జారి మెడ మీదికి వచ్చింది. ఎవరో అతని కడుపు మీద నిలబడి గెంతారు. నేను "ఆపుండ్రి! ఆపుండ్రి!" అని అరిచి అతని మీద పడితే, ఒకడు నా భుజం పట్టి లేపి, "అక్కా, నువ్వు పక్కకుండు, నీ కోసమే గద," అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు.

బల్ల మీదికి తెచ్చేసరికి ఊపిరి ఉంది. నోట్లో నెత్తురు నిండి ఊపిరి బుడగలుగా వస్తోంది. గొట్టం వేశాను. మార్తమ్మ నోట్లోని నెత్తురు సిరంజితో లాగి పారబోసింది. అరగంట తర్వాత ఊపిరి ఆగిపోయింది.

వాళ్ల అమ్మ లస్మవ్వ వచ్చింది. ఏడవలేదు. కొడుకు చేతుల కట్లను మెల్లగా తిప్పి చూసింది.

"ఇవి ఎవలు గట్టిన్రు?"

"నేనే," అన్నాను.

"మంచిగ గట్టినవ్," అంది.

36వ రోజు

ఈ పొద్దున అద్దం ముందు అంతా చెప్పాను. బెల్టు, మంట, కాలిన చేతులు, అతను అడిగింది, రేపు చెబుతానని నేను రెండు రోజులు చెప్పకపోవడం. అతను పోయాక కట్లు విప్పి తీసిన కాలిన చర్మపు ముక్క గాజుసీసాలో ఉంది, అదీ చూపించాను.

గంటలో వత్తాసులు సగానికి పడిపోయాయి. రెండు గంటలకు వెండి గీత ఆరిపోయింది. "నీలపోళ్లకు అమ్ముడువోయింది" అనే మాట నా అద్దంలోనే నాలుగు వేల సార్లు వచ్చింది. మధ్యాహ్నానికి తెల్లగుర్తు కూడా పోయింది. మార్తమ్మలాంటి పాతవాళ్లు తప్ప, గుర్తు లేనివాళ్లు రోగిని ముట్టుకోకూడదు. నాలుగేళ్ల చదువు, నాలుగేళ్ల పని ఒక్క పూటలో పోయాయి.

మమత దగ్గరికి వెళ్లాను. పంపు గది గుమ్మంలోనే ఆపేసింది.

"లోపలికి రాకే. నీతోని కనబడితే నా గుర్తు గూడ పోతది."

"నేను చెప్పింది నిజం మమతా."

"నిజమే కావచ్చు. నాకు ఇద్దరు చెల్లెండ్లున్నరు."

తిరిగి వస్తుంటే బొగ్గు పెళ్లలు విసిరారు. ఒకటి కనుబొమ మీద తగిలి చీరింది. రెండోది ముందుపన్ను విరగ్గొట్టింది. మార్తమ్మ బయటికి వచ్చి నన్ను లోపలికి లాగి తలుపు వేసింది. నాలుగు కుట్లు వేసింది. మత్తుమందు లేదు, అయిపోయింది. ఈ అయిదు రోజుల్లో తొంభై రోజులకని తెచ్చిన మందులు వాడేశాం.

38వ రోజు

ఎడమ చేత్తో రాస్తున్నాను.

నిన్నటి నుంచి ఫ్యాన్ల వాళ్లు తొమ్మిది మంది పెద్ద ఫ్యాన్ గదిలో తలుపులు బిగించుకుని ఉన్నారు. ఇది ఒక్క గ్యాలరీది కాదు, గనికంతటికీ గాలి ఇచ్చేది. బయటికి వస్తే చంపుతారని వాళ్ల భయం. లోపలుంటే ఫ్యాన్ ఆపేస్తారని గుంపు భయం. అద్దంలో ఆ భయం గంట గంటకూ పెరిగింది. ఈ రోజు మొదటి షిఫ్టులో రెండు వందల మంది రాడ్లతో బయల్దేరారు.

నేను, మార్తమ్మ ముందుగా వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాం. ఆమె చేతిలో స్ట్రెచరు కర్ర ఉంది. ప్రణీత్ ముందుకు వచ్చాడు.

"జరుగు," అన్నాడు.

"ప్రణీత్, మీ నానమ్మ చనిపోయింది తిరుమలేశ్ వల్ల కాదు. అతను ఆపకపోతే ఆ గ్యాలరీలో నువ్వూ పోయేటోడివి."

ఒక్క క్షణం అతని ముఖం మెత్తబడింది. వెనకనుంచి ఎవరో "ముచ్చట పెడ్తున్నవేందన్నా, అందరు జూస్తున్నరు!" అన్నారు. రాడ్ లేపి కొట్టాడు. నా కుడి మెడ ఎముక విరిగింది. పడిపోయాక నా మీది నుంచే తొక్కుకుంటూ వెళ్లారు. మార్తమ్మ ఇద్దరిని కర్రతో కొట్టింది, తర్వాత ఆమె నాకు కనబడలేదు.

తలుపు రేకు చీల్చారు. లోపల కొట్టుకోవడం నేను కింద నుంచి చూశాను. ఫ్యాన్ల వాళ్లూ ఊరుకోలేదు. పెద్ద పానాలతో తిరిగి కొట్టారు. ఒకడి చెవి తెగి వేలాడింది. ఒక కుర్రాణ్ణి ఫ్యాన్ జాలీకి నొక్కి పట్టి తల అదేపనిగా బాదారు, జాలీ వంగేదాకా. ఇంకొకడు నా పక్కనే పడ్డాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. ప్రణీత్ ఎవరినో కొట్టబోతే గురి తప్పి రాడ్ కరెంటు బోర్డు మీద పడింది. నిప్పురవ్వలు లేచాయి.

అంతే, చప్పుడు ఆగిపోయింది. ముప్పై ఎనిమిది రోజులుగా మా చెవుల్లో ఉన్న హోరు లేదు. అందరూ ఎత్తిన చేతులు ఎత్తినట్టే పెట్టుకుని పైకి చూశారు.

కాసేపటికే గాలి బరువెక్కింది. చెమట ఆరడం మానేసింది. కొట్టినవాళ్లూ తిన్నవాళ్లూ ఒకేలా ఆయాసపడుతున్నారు. కింద పడిన ఒక అద్దంలో మాటలు ఇంకా పరుగెడుతున్నాయి. పక్క గనుల వాళ్లు రాస్తున్నారు: "ఆపకండి", "ఇంకొక్కడున్నాడు మూల", "ముఖం చూపించండి". ప్రణీత్ దాన్ని తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అరే, మాకు గాలి ఆగింది. మా ఫోన్ లైను గూడ పాయె. సచ్చిపోతం. ఎవలన్న పై ఆఫీసుకు ఫోన్ జెయ్యుండ్రి."

వత్తాసులు గుప్పుమని పెరిగాయి. ఫోన్ చేస్తున్నానని ఒక్కరూ రాయలేదు. అతను ఆ అంకెను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అద్దాన్ని బోర్లా కింద పెట్టాడు.

మూలనుంచి రవళి లేచింది. నలిగిన చెయ్యి మెడకు వేలాడుతోంది, పెదవి చీలి ఉంది.

"పాత డీజిలు ఇంజనున్నది," అంది. "హ్యాండిలేసి తిప్పాలె. ఫ్యాన్ బెల్టు దానికి మార్చాలె. నా వేళ్లు పని జెయ్యయి. నేను జెప్త, ఎవడన్న జెయ్యుండ్రి."

రవళి ప్రణీత్ వైపు తిరిగింది.

"నీకే జెప్తున్న పంతులూ. గా పానా అందుకో."

ప్రణీత్ పానా అందుకున్నాడు. బోల్టు అతని చేతిలోంచి రెండుసార్లు జారింది. రవళి తిడుతూ చెప్పింది, అతను చేశాడు. హ్యాండిలు తిప్పడానికి నలుగురు కావాలి. రెండు నిమిషాలకు మించి ఎవరి వల్లా కాలేదు, పడిపోతున్నారు, ఇంకొకరు పట్టుకుంటున్నారు. చెవి తెగినవాడు తిప్పాడు. వాడి చెవి కోసినవాడూ వాడి పక్కనే తిప్పాడు. పంపు గది నుంచి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో మమత ఉంది. నా వైపు చూసింది, అద్దం తీసి జేబులో వేసుకుని హ్యాండిలు పట్టుకుంది.

ఇంజను అందుకున్నప్పుడు ఎవరూ కేకలు వేయలేదు. జనం కింద పడుకుని నోళ్లు తెరుచుకున్నారు.

ఫ్యాన్ల వాళ్లు ఇద్దరు దెబ్బలతో పోయారు. గాలి ఆగినందుకు చివరి గ్యాలరీలో నలుగురు పోయారు. మార్తమ్మకు మూడు పక్కటెముకలు విరిగాయి. పడుకుని నాకు పనులు చెబుతోంది.

40వ రోజు

తిరుమలేశ్‌నూ, ఫ్యాన్ గదిలో వాళ్లనూ కొట్టినవాళ్ల పేర్లు కమిటీ రాసుకుంటోంది. సాక్ష్యం వెతకనక్కరలేదు, అందరూ తమ అద్దాల్లో తామే చూపించుకున్నారు. ప్రణీత్ తన పేరు తానే వెళ్లి రాయించాడు. ఎండలు తగ్గాక పైన కోర్టు. నా పేరు కూడా రాయమన్నాను. గుమాస్తా "నువ్వు కొట్టలేదు గద" అన్నాడు. ఏ వరసలో రాయాలో వాళ్లకు తెలియలేదు. ఒక ఖాళీ కాగితం మీద విడిగా రాసి పెట్టారు.

కొందరు అద్దాలు తీసేశారు. చాలామంది తీయలేదు. పక్క గనుల్లో మా గొడవ ఇంకా చూస్తున్నారట.

ఫ్యాన్ కాపలా కాయడానికి నీలం వాళ్లు సరిపోవడం లేదు. అందుకని భోజనాల గది తలుపు మీద సుద్దతో పేర్లు రాసి వంతులు వేశారు, పంపుల వాళ్లు, పంతుళ్లు, వంటవాళ్లు అందరికీ. రవళి నేర్పుతోంది. ఆమెకు ఓపిక లేదు, అందరినీ తిడుతుంది.

46వ రోజు

మధ్యాహ్నం లస్మవ్వ వచ్చింది. ఫ్యాన్ గదిలో చిరిగిన తలుపు రేకు సరిచేస్తుంటే అరచెయ్యి తెగిందట. లోతుగా తెగింది, కండ కనిపిస్తోంది. కొంగు చుట్టుకుని వచ్చి బల్ల మీద కూర్చుంది.

"మార్తమ్మ పడుకున్నది," అన్నాను. "నాకు తెల్లగుర్తు లేదు. నేను కుట్టొద్దు."

"తెలుసు."

"నా కుడిచెయ్యి కూడా పూర్తిగా లేవదు."

"ఎడమ చెయ్యున్నది గద."

సూది మరిగించాను. దారం ఎక్కించలేకపోతుంటే ఆమే తన మంచి చేత్తో ఎక్కించి ఇచ్చింది. అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చేసింది. పదకొండు రోజులుగా నాలోనే ఉన్న మాట.

"అవ్వా, నేను ముందు రోజు చెప్పి ఉంటే..."

"నోర్ముయ్," అంది. గట్టిగా కాదు. "నిన్ను మాఫ్ జేయనీకి రాలే నేను. జెయ్యను గూడ. మల్ల నాకు నాలుగింటికి ఫ్యాన్ కాడ వంతున్నది. కుట్టు."

కుట్టాను. తొమ్మిది కుట్లు పడ్డాయి. ఆమె ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.